ముట్లుడుగు వయస్సు



నలుగురిలో మాటాడుటకు మనమందరమును సంకోచించు విషయములు కొన్ని గలవు. స్త్రీలకు ముట్లుడుగుట అట్టివానిలో నొకటి. ఎద్దునకు జబ్బుచేసినచో రచ్చకట్టకడ పదిమందితో చెప్పుకొందుము. తల్లికి, అక్కకు, ఇల్లాలికి ఈ వయస్సున కలుగు బాధను మాత్రము వంటయింటి గడప దాటనీయము. ఆ మౌనమువలన మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల స్త్రీలకు కలిగిన నష్టము చిన్నది కాదు. ఈ విషయము మనుష్యులకు ఎట్లు తెలిసినది, తెలిసిన పిదపను మనము ఎచ్చట పొరపడితిమి అను చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని.

మొదట మా యింటి సంగతి యొకటి చెప్పెదను. మానేటి యొడ్డున నొక పల్లెలో మా అన్న కాపురముండెను. మా వదినెకు 17వ యేట పెండ్లియైనది. 22వ యేటికి ఇద్దరు బిడ్డలు, ఆ వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషను. 31వ యేట ఆమెకు తెల్లబట్ట, నడుమునొప్పి పట్టుకొనినవి. ఊరిలో సూదులు వేయువాడు ఆమెను పట్నమునకు తోడుకొనిపోయెను. అక్కడ స్కానింగు తీసి, గర్భసంచి చెడిపోయినది, ఉంచినచో క్యాన్సరు కాగలదు, తీసివేయుట మేలు అని చెప్పిరి. అన్న నాకడకు వచ్చి, “తమ్మీ, చదువుకొన్నవాడవు, ఏమందువు?” అని యడిగెను. “డాక్టరు చెప్పిన పిదప మనమేమనగలము? బిడ్డలు పుట్టిరి గదా, ఇక సంచితో పనియేమి?” అని నేనంటిని. మక్కలు అమ్మిన సొమ్ము చాలక, మరికొంత మిత్తికి తెచ్చి ఆపరేషను చేయించిరి.

రెండు నెలలు తిరుగకమునుపే వదినెకు నిద్ర పోయినది. మొగమునకు ఆవిరి కొట్టినట్లున్నదని చలికాలపు రాత్రులందును లేచి వాకిట కూర్చుండెడిది. చిన్న మాటకే కంట నీరు పెట్టుకొనెడిది. ఆమెకు గాలి సోకినదని కొందరు, పని తప్పించుకొనుటకు సాకని కొందరు ననుకొనిరి. 40 యేండ్లు దాటిన కొలది కాలమునకే వాకిట జారిపడగా మణికట్టు విరిగినది. కట్టు కట్టిన డాక్టరు ఎముకలు ఈ వయస్సునకు తగినంత గట్టిగా లేవని చెప్పి, పాత ఆపరేషను కాగితములు తెమ్మనెను. ఆ కాగితములలో గర్భసంచితోపాటు రెండు అండాశయములను గూడ తీసివేసినట్లు వ్రాయబడియుండెను. పదేండ్లకు పైగా ఆ కాగితము మా యింటి పెట్టెలోనే యుండెను. మాలో నెవ్వరును దానిని చదువలేదు. చదువుకొన్నవాడనని పేరుగల నేనును చదువలేదు. నాటినుండి నేను ఈ విషయమును గూర్చి తెలిసికొన మొదలిడితిని.

ముట్లుడుగుట రోగము కాదు. తల నెరయుటవలె అది ప్రకృతిధర్మము. స్త్రీలకు 12వ యేటి తరువాత ఋతువు ప్రారంభమగుననియు, 50 యేండ్లకు క్షీణించుననియు సుశ్రుతసంహితయందే చెప్పబడియున్నది. నేటి లెక్కల ప్రకారము ఐరోపా, అమెరికా స్త్రీలకు సగటున 51వ యేటను, భారతస్త్రీలకు 46, 47 యేండ్ల ప్రాంతమునను ముట్లుడుగుచున్నవి. పండ్రెండు నెలలు వరుసగా ముట్టు రాకున్న పిదపనే నిజముగా ఉడిగినదని వైద్యులు నిర్ణయింతురు. 40 యేండ్లకు ముందే ఆగినచో అది అకాలమున వచ్చినదని వారి మతము. మన పూర్వులు 50 అని చెప్పిన గడువునకు మా వదినె 31వ యేటనే చేరినదన్నమాట. ఈ తేడాను శ్రోతలు మనస్సున నుంచుకొన వేడెదను.

ఋతువు ఆగునని పూర్వులకు తెలియును. ఏల ఆగునో, ఆగినచో ఒడలిలో ఏయే మార్పులు కలుగునో తెలియుటకు మాత్రము బహుకాలము పట్టినది. ఫ్రాన్సు దేశమున గార్డాన్ అను వైద్యుడు 1821లో ఈ వయస్సును గూర్చి యొక గ్రంథము వ్రాసి, దానికి ‘మెనోపాజ్’ అను మాటను పేరుగా నుంచెను. నేడు డాక్టర్లు వాడు మాట అదియే. అప్పటికి అండాశయమునకు బిడ్డకు బీజమునిచ్చుట తప్ప వేరొక పని గలదని ఎవరికిని తెలియదు.

ఆ తెలియనితనమున నొక దారుణమైన పద్ధతి పుట్టినది. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున రాబర్ట్ బాటీ అను శస్త్రవైద్యుడు 1872లో, ముట్టునాటి బాధలు, మూర్ఛలు, మనోవ్యాకులత పోగొట్టుటకై, కణితిలేని అండాశయములను సైతము తీసివేయుట ప్రారంభించెను. అదే కాలమున ఇంగ్లండు, జర్మనీ వైద్యులును ఆ త్రోవనే పట్టిరి. ఎందరో స్త్రీలు ఆపరేషను బల్లమీదనో, తరువాత చీముపట్టియో మరణించిరి. బ్రదికినవారికి పడుచుతనముననే ముదుసలితనపు లక్షణములు పొడసూపినవి. ఆవిరులు, నిద్రలేమి, ఒడలి యెండుదనము వారిని బాధించినవి. బాధను తీయబోయి మరియొక బాధను తెచ్చితిమని వైద్యులు నెమ్మదిగా గ్రహించిరి. ఆ స్త్రీల కష్టమే శాస్త్రజ్ఞులకు ప్రశ్నయైనది. అండాశయము పోయినచో దూరముననున్న చర్మము, ఎముక, మెదడు ఏల మారవలెను?

1896లో వియన్నా నగరమున క్నాయర్ అను వైద్యుడు ఆడుకుందేళ్ళ అండాశయములను తీసి, వాని ఒడలిలోనే మరియొక చోట నాటెను. నాడుల సంబంధము తెగిపోయినను, ఆ కుందేళ్ళ గర్భసంచి క్షీణింపలేదు. కావున అండాశయము ఏదియో యొక పదార్థమును నెత్తురులోనికి వదలుచున్నదని తేలినది. ఇట్టి పదార్థములకు 1905లో ఇంగ్లండు దేశపు స్టార్లింగ్ పండితుడు ‘హార్మోను’ అని పేరిడెను. పురికొల్పునది యని ఆ గ్రీకుమాటకు అర్థము. 1923లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున అలెన్, డోయిసీ అను నిరువురు పందుల అండాశయములనుండి రసము తీసి, చుంచెలుకలకు ఎక్కించి, దాని శక్తిని నిరూపించిరి. 1929లో డోయిసీ అమెరికాలోను, బ్యూటెనాంట్ జర్మనీలోను, ఒకరితో నొకరికి సంబంధము లేకుండ, గర్భిణీస్త్రీల మూత్రమునుండి ఆ జాతి హార్మోనును స్ఫటికముగా వేరుపరచిరి. ఈ జాతి హార్మోనులకే ఈస్ట్రోజెన్ అని పేరు.

పిదప 1940 ప్రాంతమున బోస్టన్ నగరమున ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అను వైద్యుడు మరియొక సంగతి కనిపెట్టెను. వెన్నెముకలు బోలువారి వంగిపోయి తనకడకు వచ్చు రోగులలో అత్యధికులు ముట్లుడిగిన స్త్రీలేయని ఆయన గుర్తించెను. అవ్వలు నడుము వంగి కురుచ యగుటను మనము వయోధర్మమనుకొందుము. దానిలో హార్మోను లోపమునకును పెద్ద పాలు గలదని నాటినుండి తెలిసినది.

ఈ శాస్త్రమును మన ప్రాంతపు పోలికతో చెప్పినచో సులభముగా బోధపడును. అండాశయము ఊరి చెరువు వంటిది. తూమునుండి కాలువ సాగి పెక్కు మడులకు నీరు పారును. గర్భసంచి యనునది ఆ చెరువు క్రింది యొక మడి. ఎముకలు, గుండె, నెత్తుటి గొట్టములు, మెదడు, చర్మము, మూత్రకోశము అన్నియు అదే ఆయకట్టులోని మడులు. బిడ్డలు పుట్టిన పిదప ఒక్క మడికి పంట ముగిసినదని చెరువునే పూడ్చివేయు రైతు ఉండునా? మా వదినె విషయమున జరిగినది అదియే. అండాశయములను ఉంచి గర్భసంచిని మాత్రము తీసినను, అండాశయములకు పోవు నెత్తురులో కొంత గర్భసంచి ప్రక్కగా పోవునది గావున, ఆ ప్రవాహము కొంత తగ్గును. అందువలన అట్టి స్త్రీలలో చెరువు సహజముగా ఎండవలసిన కాలముకన్న కొన్ని యేండ్లు ముందుగానే ఎండుచుండుట పరిశోధనలలో కానవచ్చినది.

ఇక హార్మోను తగ్గినప్పుడు ఒడలిలో కలుగు మార్పులను వరుసగా చెప్పెదను. మన యెముక రాయివలె కదలనిది కాదు. పాత ఎముకను కొరికివేయు కణములును, క్రొత్తది కట్టు కణములును నిత్యము పనిచేయుచుండును. ఈస్ట్రోజెన్ కొరికివేయువానిని అదుపున నుంచును. అది తగ్గినతోడనే కట్టుదానికన్న కూలునది హెచ్చగును. ముట్లుడిగిన తొలి యేండ్లలో ఏటికి నూటికి రెండువంతుల వరకు ఎముక తరుగవచ్చును. అందుచే మొదట మణికట్టు, తరువాత వెన్ను, వార్ధక్యమున తుంటి విరుగును. తుంటి విరిగి మంచమునబడిన అవ్వ మరల లేచుట ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు.

రెండవది కొవ్వు, చక్కెరల సంగతి. పడుచుతనమున స్త్రీలకు కొవ్వు తుంటిభాగమున, తొడలయందు చేరును. హార్మోను తగ్గిన పిదప అది కడుపుచుట్టును, కడుపులోని అవయవముల చుట్టును చేరనారంభించును. కండ తగ్గును. కండ తగ్గినచో తిన్న యన్నము ఖర్చగుటయు తగ్గును. మునుపటివలెనే తినినను నడుము లావెక్కుట ఇందువలననే. కడుపులోని కొవ్వు పెరిగినకొలది, చక్కెరను కణములలోనికి పంపు ఇన్సులిన్ పని మందగించును. అందుచే చక్కెరవ్యాధికి దారి యేర్పడును. నెత్తురులో చెడు కొవ్వు పెరుగును, నెత్తుటి గొట్టములు బిరుసెక్కును. ముట్టు వచ్చు వయస్సున స్త్రీలకు మగవారికన్న గుండెపోటు తక్కువ. ముట్లుడిగిన పిదప ఆ రక్షణ తగ్గిపోవును. 45 యేండ్లలోపల అండాశయములు తీయబడి, మందును వాడనివారికి ఈ ముప్పు ఇంకను హెచ్చు.

మూడవది వేడి. ఒడలి వేడిని అదుపుచేయు కేంద్రమొకటి మెదడులో గలదు. హార్మోను తగ్గినపుడు అది చిన్న మార్పునకే బెదరి, ఒళ్లు కాగినదని పొరబడి, చర్మమునకు నెత్తురును తరిమి చెమట పట్టించును. ఆవిరులు కొట్టినట్లుండుట ఇదియే. అది గాలి కాదు, ధూళి కాదు, నటన యంతకన్న కాదు. రాత్రి నిద్ర చెడిన మనిషికి పగలు విసుగు, మరపు, దుఃఖము కలుగుట వింతకాదు. వీనితోపాటు మూత్రమున మంట, మాటిమాటికి పోవలసివచ్చుట, లోపలి చర్మము ఎండి మంటపుట్టుట గలవు. సిగ్గుచే స్త్రీలు ఈ కడపటి బాధలను భర్తకు గూడ చెప్పరు. వీనికి సులభమైన మందులు గలవు.

మందుల చరిత్రయు తెలియదగినదే. గర్భముతోనున్న ఆడుగుర్రముల మూత్రమునుండి తీసిన హార్మోను మాత్ర అమెరికాలో 1942లో అమ్మకమునకు వచ్చినది. 1966లో రాబర్ట్ విల్సన్ అను వైద్యుడు ఈ మాత్రలతో స్త్రీ ఎల్లప్పుడును పడుచుగా నుండగలదని గ్రంథము వ్రాయగా లక్షలమంది వాడిరి. గర్భసంచి యున్న స్త్రీకి ఈ హార్మోను ఒక్కటియే ఇచ్చినచో సంచిలోపలి పొరకు క్యాన్సరు రాగలదని 1975లో బయటపడినది. అందుచే ప్రొజెస్టిరాన్ జాతి రెండవ హార్మోనును గూడ కలిపి ఇచ్చుట వాడుకలోనికి వచ్చినది. 2002లో 16,000కు పైబడిన స్త్రీలపై అమెరికాలో నడిచిన గొప్ప పరీక్షను, రొమ్ము క్యాన్సరు, పక్షవాతము కొంత హెచ్చుచున్నవని నడుమనే నిలిపివేసిరి. వెంటనే లోకమంతయు ఈ మందును విడిచినది. ఆ పరీక్షలోని స్త్రీల సగటు వయస్సు 63 యేండ్లు. తరువాత లెక్కలను మరల పరిశీలింపగా, 60 యేండ్లలోపువారికి, ముట్లుడిగి పదేండ్లు దాటనివారికి, బాధ మిక్కుటముగా నున్నపుడు, డాక్టరు పరీక్షించి ఇచ్చినచో మేలే హెచ్చని తేలినది. చిన్నవయస్సున అండాశయములు పోయినవారికి, రొమ్ము క్యాన్సరువంటి అడ్డంకి లేనపుడు, సహజముగా ముట్లుడుగు వయస్సు వరకు హార్మోను ఇయ్యవలెననుట నేటి వైద్యుల సలహా. మా వదినెకు ఆ సలహా చెప్పినవారు లేరు. మేమును అడుగలేదు.

ఇట్లు పశ్చిమదేశములవారు నూరేండ్లు తప్పులు చేసి దిద్దుకొనగా, మన తెలుగునాట ఆ మొదటి తప్పు మరల తలయెత్తినది. కుటుంబ ఆరోగ్యమును గూర్చి కేంద్రప్రభుత్వము దేశమంతట జరిపించు సర్వేలో, గర్భసంచి తీయించుకొన్నారా యను ప్రశ్న 2015 – 16లో ప్రత్యేకముగా అడుగబడినది. 15 మొదలు 49 యేండ్లలోపు స్త్రీలలో దేశమంతటికిని నూటికి సుమారు 3గురు తీయించుకొనియుండగా, తెలంగాణలో సుమారు 8మంది, ఆంధ్రప్రదేశమున సుమారు 9మంది తీయించుకొనిరి. దేశమున ఈ రెండు రాష్ట్రములే ముందు నిలిచినవి. 40 – 49 యేండ్లవారిని మాత్రము లెక్కించినచో తెలంగాణలో దాదాపు ఐదుగురిలో నొకరికి ఈ ఆపరేషను జరిగియున్నది. దేశమున ఇట్టి ఆపరేషనులలో మూడింట రెండువంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. 2019 – 21 సర్వేలోను తెలంగాణ సంఖ్య తగ్గలేదు.

దీనికి కారణములు పెక్కు. మన జిల్లాలలో బాల్యమున పెండ్లి, వెనువెంటనే కాన్పులు, 25 యేండ్లు నిండకమునుపే కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొన్నవారు అనేకులు. ఆపై సంచి నిరుపయోగమను భావము అందరిలో నాటుకొన్నది. నాట్లు వేయుచు, పత్తి ఏరుచు, పసుపు ఉడికించుచు, బీడీలు చుట్టుచు దినకూలిమీద బ్రదుకు స్త్రీకి నెలనెలా వచ్చు రక్తస్రావము ఒక బరువు. ముట్టు అంటు అను నమ్మకము గల యిండ్లలో అది మరింత బరువు. ఉట్నూరు అడవులలోని గూడెములనుండి స్త్రీల డాక్టరును చేరవలెనన్న ఒక దినపు కూలి, బస్సు ఖర్చు పోవును. కావున ఒక్కసారితో తీరిపోవు ఉపాయము అందరికిని ఇష్టమైనది. క్యాన్సరను మాట వినినచో గుండె జారిపోవును. రోగిని తెచ్చినవానికి వాటా ముట్టు దురాచారమును కొన్ని చోట్ల గలదు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము పేదలకు ఎంతయో మేలు చేసినది. అయినను, ఆ పథకము క్రింద అనవసరముగా గర్భసంచులు తీయబడుచున్నవను విమర్శ రాగా ప్రభుత్వము కట్టుబాట్లు చేయవలసివచ్చెను.

డాక్టర్లందరును దోషులని నేననుట లేదు. క్యాన్సరు సోకినపుడు, పెద్ద కణితులు మందులకు లొంగనపుడు, ఎంత వైద్యము చేసినను రక్తస్రావము ఆగనపుడు, గర్భసంచి బొత్తిగా జారిపోయినపుడు ఆపరేషను ప్రాణదానమే. అట్టివేళ భయపడి ఆలస్యము చేయరాదు. ముట్లుడిగి ఏడాది గడచిన పిదప మరల ఒక్క చుక్క నెత్తురు కనబడినను ఆలసింపక చూపించుకొనవలెను. కాని తెల్లబట్ట సాధారణముగా మందులతో తగ్గునది. అధిక రక్తస్రావమునకు మాత్రలు గలవు. గర్భసంచిలో నుంచు హార్మోను సాధనము గలదు. నడుమునొప్పికి గర్భసంచియే కారణమగుట అరుదు. గర్భసంచి ముఖద్వారపు క్యాన్సరు భయమున్నచో ముందుగా పరీక్ష చేయించుకొనుట తగును. భయము తీర్చుకొనుటకు సంచినే తీయించుట, ఇంట దొంగలు పడుదురేమోయని ఇల్లే కూల్చుకొనుట వంటిది.

ఈ అన్యాయము న్యాయస్థానము వరకు పోయినది. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థానములలోని సంఘటనలపై డాక్టరు నరేంద్ర గుప్తా 2013లో వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పి, అనవసరపు గర్భసంచి ఆపరేషనులను అరికట్టుటకు కేంద్రప్రభుత్వము 2022లో రూపొందించిన నియమములను రాష్ట్రములన్నియు మూడు నెలలలో అవలంబింపవలెనని యాజ్ఞాపించెను. దేశ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో పర్యవేక్షక సంఘములుండవలెనని ఆ నియమములు చెప్పుచున్నవి. మన ప్రాంతమునకు గర్వకారణమైన సంగతి యొకటి గలదు. అదే సంవత్సరము మార్చి 8న తెలంగాణ ప్రభుత్వము ‘ఆరోగ్య మహిళ’ అను కార్యక్రమమును కరీంనగరముననే ప్రారంభించినది. మొదట 100 ఆసుపత్రులలో ప్రతి మంగళవారము స్త్రీలకు మాత్రమే పరీక్షలు జరుపుటకు అది యేర్పడినది. అందు చూడవలసిన ఎనిమిది విషయములలో ముట్లుడుగు దశ బాధలు నొకటిగా చేర్చబడినవి. వంటయింటి గోడలు దాటని మాటకు సర్కారు కాగితమున చోటు దొరికినదని నేను సంతసించితిని.

ఆసుపత్రితో పాటు ఇంటను చేయదగినవి గలవు. ఎముకకు సున్నపుధాతువు, అనగా కాల్షియము, ముఖ్యము. ముట్లుడిగిన స్త్రీకి దినమునకు 1,200 మిల్లీగ్రాములు కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించినది. పోచంపాడు కాలువలు వచ్చిన పిదప మన పళ్ళెములలో వరియన్నము పెరిగి, జొన్నరొట్టె, తైదంబలి తగ్గినవి. 100 గ్రాముల తైదలలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు, దంపిన బియ్యమున పది ప్రాంతమే. నువ్వులలో తైదలకన్నను ఎన్నో రెట్లు హెచ్చు. సంక్రాంతి సకినాలలోను, సద్దుల బతుకమ్మ నాటి సత్తుముద్దలోను మన అవ్వలు నువ్వులను కలిపిరి. పండుగనాడే గాక వారమున నాలుగుదినములు నువ్వులపొడి పళ్ళెమున పడినచో మంచిది. పాలు, పెరుగు, ఆకుకూరలు, పప్పు, గ్రుడ్డు ఇంటి యాడువారికి మిగిలినవి కాక, వారి పాలివిగా పెట్టవలెను.

ఎముక బరువు మోసినకొలది గట్టిపడును. నడక, మెట్లెక్కుట, పొలముపని మేలు చేయును. ప్రొద్దస్తమానము చాట ఒడిలో పెట్టుకొని నీడపట్టున బీడీలు చుట్టు స్త్రీలకు అటు కదలికయు లేదు, ఇటు ఎండయు లేదు. వారు నడుమనడుమ లేచి తిరుగుటకు, దినమున కొంతసేపు ఎండ తగులనిచ్చుటకు ఇంటివారు సాయపడవలెను. పొగాకు ఎముకకు, గుండెకు గూడ శత్రువు. పొగత్రాగు స్త్రీలకు ముట్లును ముందుగానే ఉడుగును. 45 దాటిన ప్రతి స్త్రీయు ఏటికొకసారి నెత్తుటిపోటు, చక్కెర పరీక్షించుకొనుట మంచిది.

1940 ప్రాంతమున భారతీయుల సగటు ఆయువు 32 యేండ్ల చుట్టుపట్ల నుండెను. పసిబిడ్డల చావులును, కాన్పు చావులును అందులకు ముఖ్యకారణములు. నేడు స్త్రీల సగటు ఆయువు 70 దాటినది. 47వ యేట సహజముగా ముట్లుడిగిన స్త్రీ ఇంకను పాతికేండ్లు బ్రదుకును. 31వ యేట ఆ హార్మోను పోయినవారు నలువదేండ్లు దానిలోటుతో బ్రదుకవలెను. మనుమలను ఎత్తుకొనవలసిన చేతులు, పొలముగట్టు నడువవలసిన కాళ్ళు ఆ నలువదేండ్లు ఎట్లుండవలెనన్న నిర్ణయము ఒక పూటలో, ఆసుపత్రి వరండాలో, మగవారి సంతకముతో జరిగిపోవుచున్నది.

అందుచేతనే ఈ మాటలను ముఖ్యముగా పెద్దలకు చెప్పుచున్నాను. అన్న నన్నడిగినట్లు రేపు ఎవరో మిమ్ము నడుగుదురు. అపుడు మీరు నావలె చేతులు దులుపుకొనవలదు. వారితో వెళ్ళి డాక్టరును వినయముగా నాలుగు సంగతులడుగుడు. రోగమేమి, ఏ పరీక్షలో తేలినది? ఆపరేషనుకు ముందు మందులు వాడి చూచితిరా? అండాశయములను ఉంచుదురా, తీయుదురా? తీసినచో ఏల, తరువాత ఏ మందు ఇత్తురు? ప్రాణాపాయము లేనపుడు, ముఖ్యముగా 40 యేండ్లలోపు స్త్రీ విషయమున, సర్కారు ఆసుపత్రిలోని మరియొక స్త్రీల డాక్టరు అభిప్రాయమును గూడ తీసికొనుడు. అన్నింటికన్న ముందుగా ఆ స్త్రీనే, ఆమె బాధ యేమో, ఆమె ఇష్టమేమో అడుగుడు. మా యింట మేము ఆ పని చేయలేదు. ఆపరేషనైన పిదప కాగితమును చదివించి, భద్రపరచుడు. ఇదివరకే ఆపరేషనైనవారు మీ యిండ్లలో నున్నచో, ఆ పాత పెట్టె తెరచి కాగితమును నేడే చూడుడు. అండాశయములు తీసినట్లున్నచో ఎముకల పరీక్షకు, తగిన మందునకు ఇప్పుడైనను డాక్టరు కడకు పంపుడు.

మా వదినెకు ఇపుడు తగిన వైద్యము జరుగుచున్నది. విరిగిన మణికట్టు అతుకుకొన్నది, కాని ఆ చేయి మునుపటివలె బిందె నెత్తలేదు. మొన్నటి బతుకమ్మనాడు ఆమె ఆడవారి వరుసలో నిలిచి, నొచ్చినచేతిని మెల్లగా తాటించుచు రెండు చుట్లు తిరిగి గట్టుమీద కూర్చుండెను. నేను ప్రక్కన చేరి, “వదినె, ఆనాడు నేను తెలియక చెప్పితిని” అంటిని. ఆమె నవ్వి, “తెలిసినదిగదా, ఇకనైనను నలుగురికి చెప్పు” అనెను. ఆమె యాజ్ఞ ప్రకారము నేడు మీకు విన్నవించితిని. మీరును మరి నలుగురికి చెప్పుదురని నమ్మి, సెలవు తీసికొనుచున్నాను.